ఏడో గడి: రుచి

27 నవంబరు 1961, సోమవారం

ఈ డైరీ మా నాయన ఇచ్చినాడు. "రోజూ నిజం రాయి. నువ్వే చదువుకో. సిగ్గు దానంతటదే వస్తుంది" అన్నాడు. మా నాయన కామాక్షయ్య గారు కావలిలో బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. ఖద్దరు తప్ప కట్టడు. ఇప్పటికి మూడు వందల మంది చేత మద్యం ముట్టమని ప్రమాణం చేయించినాడు. ఈ వాక్యాన్ని రెండు రకాలుగా చదవొచ్చని రాసినాక చూసుకున్నాను. నాయన ఉద్దేశం ఒకటే. తెలుగు భాషకే రెండు ఉద్దేశాలున్నాయి.

ఆయన ఏకైక పుత్రుణ్ణి నేను, జయరామయ్య, బి.ఏ., థర్డ్ క్లాసు. కావలి మద్యనిషేధ శాఖ ఆఫీసులో రెండు నెలలుగా టెంపరరీ గుమాస్తాను. ఒక్క పెద్ద కేసు పడితే పర్మనెంటు చేయిస్తానని ఇన్‌స్పెక్టర్ పద్మనాభయ్య గారు సెలవిచ్చినారు. ఆ పెద్ద కేసు ఇప్పుడు నాకు మూరెడు దూరంలో, వలల కొట్టంలో, పక్కకి తిరిగి పడుకొని ఉంది.

అది ఒక పీపా. పోయిన వారం గాలివానకి పుదుచ్చేరి నుంచి యానాం పోయే ఏ ఓడలోంచో జారినట్టుంది. బోగోలు దగ్గర ఈ పాళెంలో మస్తానయ్య అనే పట్టపు జాలరాయన దాన్ని అలల అవతల చూసి, తాడు కట్టి, తన పడవకి తగిలించి ఒడ్డుకు లాగినాడు. నూనె అనుకున్నాడట. ఊరి మునసబు ముక్కు పెట్టి చూసి, నూనె కాదని మా ఆఫీసుకు కబురు పంపినాడు. శాంపిల్ తీసి పరీక్షకు పంపేదాకా పీపాను కదిలించకూడదు. పీపాను కదిలించకూడదు కాబట్టి నన్ను కదిలించి ఇక్కడ పెట్టినారు.

రిపోర్టు మూడు పేజీల ఇంగ్లీషులో రాసి తపాలాలో వేసినాను. ఒక్కచోట చిన్న చిక్కు వచ్చింది. బ్యారెల్ అనే మాటకి ఆర్‌లు ఎన్ని, ఎల్‌లు ఎన్ని? నలుగురు పాలెగాళ్ళు ఒక సావిట్లో కూచున్నట్టుంటుంది ఆ మాట. అందుకని హుందాగా 'వెసల్' అన్నాను. "ఈ వెసల్ యందు అనుమానాస్పద ద్రవము కలదు, వెసల్‌ను భద్రముగా నిర్బంధించుట మేలు." చదువుకుంటే నాకే గౌరవం కలిగింది.

పంచనామా ఫారంలో ఏడు గడులు ఉన్నాయి. దొరికిన చోటు, దొరికిన తేదీ, దొరికినవాడి పేరు, పరిమాణం, రంగు, వాసన, రుచి. ఏడోది ఖాళీగా పెట్టినాను.

28, మంగళవారం

పీపాకు కాపలా కాసినాను. పీపా ఎక్కడికీ పోలేదు.

29, బుధవారం

పీపా కారుతూ ఉంది. అడుగు పలకల మధ్య నుంచి ఒక బొట్టు వచ్చి, వేలాడి, ఆలోచించి పడుతుంది. సర్కారు సాక్ష్యం ఇసుకలో పోతా ఉంటే చూస్తూ ఊరుకోవడం గుమాస్తా ధర్మం కాదు. వేలు పెట్టినాను. బొట్టు వేలి మీద కూచుంది. పంచెకి తుడిస్తే సాక్ష్యాన్ని చెరిపేసినట్టు. విదిలిస్తే సాక్ష్యాన్ని పారబోసినట్టు. చాలాసేపు ఆలోచించి, భద్రపరచడం కోసం నాలుక మీద పెట్టుకున్నాను.

పుల్లగా ఉంది. అంతకంటే ఏమీ తెలియలేదు. ఒక్క బొట్టుతో ఏమి తెలుస్తుంది?

30, గురువారం

ఏడో గడి గురించి ఆలోచించినాను. నా ముందు పనిచేసిన గుమాస్తాలు అందరూ ఆ గడిలో అడ్డగీత కొట్టి పోయినారు. రుచి రాయాలంటే రుచి చూడాలి. రుచి చూస్తే నేరం. గీత కొట్టడానికే అయితే దొరలు ఆ గడి అచ్చువేయడం ఎందుకు? గడి కట్టి పోయినవాడు నింపేవాడు ఒకడు వస్తాడని ఎదురుచూసి ఉంటాడు. ఆ ఒకణ్ణి నేనేనేమో.

కారేచోట కొబ్బరి చిప్ప పెట్టినాను. సర్కారుకు నష్టం రాకూడదని. పొద్దు వాలేసరికి సగం చిప్ప అయింది.

రంగు: కొత్త నువ్వుల నూనె కన్నా పల్చన, ఎండిన గడ్డి మీద సాయంత్రపు ఎండ.

వాసన: అమ్మ వెన్న కాచి, దించే ముందు తమలపాకు వేస్తుంది చూడు, ఆకు చిటపటమనే ఆ క్షణం. అది పోయినాక కాల్చిన తేగ.

రుచి: ముందు పులుపు. నిమ్మకాయలాగా కరిచే పులుపు కాదు, బాగా మర్యాద నేర్చిన పులుపు. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వస్తుంది. దాని వెనకాల కొబ్బరి, నిప్పుల్లో పడ్డ కొబ్బరి చిప్ప పొగ. మింగినాక (భద్రపరచినాక అని రాయాల్సింది) ఒక లవంగం. ఎవరూ వేయలేదు, ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు. చిట్టచివర నేరేడుపండు తిన్నాక నాలుక మీద మిగిలే గరుకు.

ఇది తాగడం కాదు. తాగడానికి ఉద్దేశం ఉండాలి. నాకు గడి మాత్రమే ఉంది.

మస్తానయ్య భార్య ఆదిశేషమ్మ అన్నం తెచ్చి పెట్టింది. "ఏం నాయనా, మొహం బో కళగా ఉండాది ఇయ్యాల" అన్నది. సముద్రపు గాలి పడింది అన్నాను.

1 డిసెంబరు, శుక్రవారం

ఆఫీసు జవాను గొలుసు, తాళం, కాగితం పట్టుకొని వచ్చినాడు. ఆ గొలుసు పీపాకేమో అనుకున్నాను. పీపాకు గొలుసు ఎందుకని నవ్వినాను కూడా. జవాను నేరుగా ఒడ్డుకు పోయి మస్తానయ్య పడవకు వేసినాడు.

కాగితం చదివినాను. "గుమాస్తా గారి నివేదికననుసరించి, సదరు మస్తానయ్య యొక్క వెసల్‌ను నిర్బంధించవలెను. ద్రవము మద్యమని తేలినచో వెసల్ సర్కారు వశమగును." కింద పద్మనాభయ్య గారి సంతకం, తోకతో సహా.

ఇంగ్లీషులో వెసల్ అంటే పాత్ర. వెసల్ అంటే ఓడ. రెండూ అదే మాట. మన తెలుగు ఎంత జాగ్రత్తగల భాష! ఓడు అంటే కుండ, ఓడ అంటే పడవ. చివర ఒక కొమ్ము పెట్టి వేరు చేసింది.

మస్తానయ్య అరవలేదు. పడవ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి నా ముందు గొంతుకూర్చున్నాడు.

"గుమాస్తయ్యా, నా పడవ తాగిందా?"

పొరపాటు జరిగిందని చెప్పినాను. ఎవరిదని అడిగినాడు. ఇన్‌స్పెక్టర్ గారిది అన్నాను.

2, శనివారం

పద్మనాభయ్య గారికి ఇంగ్లీషు సరిగా రాదు.

3, ఆదివారం

పద్మనాభయ్య గారికి ఇంగ్లీషు సరిగా రాదు. సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి కదా? ద్రవం వెసల్‌లో ఉంది అంటే పడవ నిండా ద్రవం పోసినారనా?

సముద్రం సర్దుకుంది. గాలివాన పోయినాక వంజరాలు గుంపులు గుంపులుగా వస్తాయట, నెలా నెలన్నర ఉంటాయట, ఆ నెలన్నర మీదే ఏడాది నడుస్తుందట. పాళెంలో పడవలన్నీ పోయినాయి. మస్తానయ్య గొలుసు వేసిన పడవలో కూచొని, చినగని వల తీసుకొని బాగుచేస్తా ఉన్నాడు.

ఆదిశేషమ్మ ఈ పూట కూడా నాకు అన్నం పెట్టింది. చేప లేదు, చింతపండు పులుసు. "చేప ఏదక్కా?" అని నోరుజారినాను. "గొలుసు తెంచుకొని వస్తే వండతాలే నాయనా" అన్నది. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

చిప్ప ఖాళీగా బోర్లించినాను. కారేది కారనీ.

(మధ్యాహ్నానికి మళ్ళీ వెల్లకిలా పెట్టినాను. సర్కారు నష్టం.)

4, సోమవారం

కావలి పోయి ఇన్‌స్పెక్టర్ గారిని కలిసినాను. స్థూలకాయం, సన్న గొంతు, మేజా మీద ఎప్పుడూ ఒక మజ్జిగ గ్లాసు. రిపోర్టులో వెసల్ అంటే తమరు పడవ అనుకున్నారేమో అని వినయంగా మొదలుపెట్టినాను. "మరి ఏమనుకోవాల?" అన్నాడు. పీపా అని చెప్పబోయినాను. అప్పుడు ఆయన బ్యారెల్ అని ఎందుకు రాయలేదని అడుగుతాడు. నేను గోడ మీద క్యాలెండరు చూసినాను.

పీపాను లాగింది ఎటూ పడవే కాబట్టి పట్టుకున్నది న్యాయమే అని ఆయనే తేల్చినాడు. లోపలిది మద్యమైతే పడవ పోయినట్టే. కాకపోతే వదుల్తారు. శాంపిల్ పరీక్ష పట్నంలో జరగాలి. అయిదారు నెలలు పడుతుంది.

"నీ మొదటి కేసు. పడవతో సహా. పైకి రాస్తాను, పర్మనెంటు అయిపోతుంది" అని వీపు తట్టినాడు.

నాయనకు చెప్పినాను. మద్యం మీద యుద్ధంలో కొడుకు ఒక ఓడనే పట్టినాడని వీధి అరుగు మీద అందరికీ చెప్పుకున్నాడు. నేను ఇంట్లో ఉండలేక సాయంత్రం బస్సుకే వచ్చేసినాను.

5, మంగళవారం

ఏమీ లేదు.

6, బుధవారం

నాగుల్ మీరా సాయిబు వచ్చినాడు. విడవలూరు నుంచి బోగోలు దాకా ఒడ్డున ఎవరి పడవ చెడినా ఈయనే బాగుచేయాలి. చేపలు ఉప్పేసే పీపాలు కూడా కడతాడు. మస్తానయ్య పడవ చుట్టూ తిరిగి, అతుకుల్లో గోరు పెట్టి చూసి, నాలుక చప్పరించినాడు. ఆరు రోజులుగా ఎండలో ఉంది. అతుకులు విచ్చుకుంటా ఉన్నాయి.

"మస్తానన్నా, పడవైనా పీపా అయినా ఒకటే. తడిగా ఉంటేనే మాట వింటాయి. ఇంకో నెల ఇట్లే ఉంటే ఇది పడవ కాదు, పొయ్యిలోకి పనికొస్తాది."

అయిదారు నెలల మాట నేను ఇంకా వాళ్ళతో అనలేదు.

నాకు ఉపకారం చేయబుద్ధి అయినప్పుడల్లా పీపా గుర్తొస్తుంది. సాయిబును కొట్టంలోకి పిలిచి, కారేచోట కాస్త పూడ్చమన్నాను. ఆయన గుమ్మంలో ఆగినాడు. "అయ్యా, లోపలుండేది నాకు హరాం. బయటుండేది చెక్క. చెక్క నా పని" అని తనకు తాను చెప్పుకొని లోపలికి వచ్చినాడు. పలకల మీద అరచెయ్యి ఆనించినాడు. బిరడా తీసి, ముక్కు దూరంగా పెట్టి ఒక్క పీల్పు పీల్చినాడు. మళ్ళీ మూసినాడు.

ఇది మన దేశపు చెక్క కాదట. టేకు కాదు, మామిడి కాదు, వేప కాదు. దానికి లోపల నిప్పు చూపించినారట. పలక వంగాలంటే తామూ పడవ పలకకి మంట పెడతారట. ఆ కాలిన వాసన చెక్కలో ఉంటుంది, ఎన్నాళ్ళైతే అన్నాళ్ళూ లోపల పోసినదానికి అప్పచెబుతా ఉంటుంది.

నాకు ఉత్సాహం పట్టలేదు. అయితే ఆ కాల్చిన తేగ, కొబ్బరి, ఆ లవంగం అన్నీ చెక్కవేనా అని అడిగినాను.

"చెక్కవే. పులుపు పండుది. పండు ముందొచ్చి చెప్పుకుంటాది, చెక్క వెనక నిలబడి అందిస్తా ఉంటాది."

"మరి వెన్న?"

"వెన్న సంగతి నాకు తెలీదయ్యా. అది మీరు ఇంటికాణ్నించి తెచ్చుకున్నారేమో." పనిముట్ల సంచి సర్దుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు: "లవంగం ముక్కుకి తెలీదే. నాలిక్కి గదా తెలిసేది."

కారేచోట ఉన్న తారు గీకుతూ ఉంటే కింద కాల్చి వేసిన ముద్ర బయటపడింది. గుండ్రంలో ఒక సిలువ. దాని కింద ఫ్రెంచి అక్షరాలు నాలుగు.

7, గురువారం

సిలువ కాబట్టి బోగోలు నుంచి కృపాదానం గారిని పిలిపించినాను. ఆయన అక్కడి గుడిలో ఉపదేశి. ఫాదరు గారు నెల్లూరు నుంచి పండగలకే వస్తారు, మిగతా రోజులన్నీ ఈయనే నడుపుతాడు. పీపా ముందు సిలువ గురుతు వేసుకొని నిలబడినాడు. పుదుచ్చేరి గుళ్ళ ముద్ర ఇది అన్నాడు. పూజలో వాడే ద్రాక్షారసం ఇట్లాగే వస్తుందట.

మస్తానయ్య అడిగినాడు: "ద్రాక్షారసం ఎర్రగా గదా ఉండేది? మీ దేవుడి రక్తం అంటారే?"

"తెల్లదే మంచిది మస్తానయ్యా. బలిపీఠం గుడ్డ మీద పడినా మరక కాదు. గుడ్డలు ఉతికేది నేనే."

దేవుడి కాడ కూడా చాకిరేవు చూసుకోవాల్సి వస్తుందన్నమాట.

గుడికి పోయే ద్రాక్షారసానికి నిషేధం లేదు, సర్కారే లైసెన్సు ఇస్తుంది. అది మద్యం కింద రాదు, కాబట్టి పడవ మీదికి నేరం రాదు. నేను ఎగిరి గంతేసినాను. చిప్పను గౌరవంగా పక్కన పెట్టి, కృపాదానం గారిని వెంటబెట్టుకొని కావలికి బస్సెక్కినాను.

పద్మనాభయ్య గారు మజ్జిగ తాగి, అంతా విన్నాడు. తలుపు తెరిచినట్టే తెరిచి సందులో కాలు పెట్టినాడు. పీపా దేవుడిదే కావచ్చు. లోపల సారాయి పోసి పంపే దొంగలు లేరా? పోయిన ఏడాది నెయ్యి డబ్బాల్లో పట్టలేదా? లోపలిది ద్రాక్షారసమే అని, సారాయి, బ్రాంది, కల్లు కాదని, రుచి ఎరిగినవాడు సంతకం పెట్టాలి.

కృపాదానం గారు పెట్టలేడు. వాళ్ళ గుడిలో రసం ఫాదరు గారొక్కరే తాగుతారట. ఈయన ముప్పై ఏళ్ళుగా జాడీలు మోసినాడు, చుక్క ఎరగడు. ఫాదరు గారు క్రిస్మసుకు గానీ రారు.

"రుచి చూసినవాడు ఎవురైనా ఉంటే తీసుకురా" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గారు, కళ్ళు ఫైలులోనే ఉంచి. "వాడి సంతకంతో పడవ వదుల్తాను. వాడి సంగతి వేరే చూస్తాను."

8, శుక్రవారం

రుచి చూసినవాడు ఎవరబ్బా.

9, శనివారం

మస్తానయ్య పడవ మీద తడి గోనెలు కప్పినాడు, అతుకులు విచ్చకుండా. భార్యా భర్తా పొద్దుటి నుంచి కుండలతో నీళ్ళు తెచ్చి పోస్తా ఉన్నారు, పసిబిడ్డకు జ్వరం వస్తే చేసినట్టు. పక్క పడవలవాళ్ళు వంజరాలు మోసుకుంటూ వీళ్ళ ముందు నుంచి పోలేక, చుట్టు తిరిగి పోతున్నారు.

నేనూ నాలుగు కుండలు పోసినాను. ఆదిశేషమ్మ వద్దనలేదు, బాగుందనలేదు. అయిదో కుండ నా చేతికి అందిస్తూ అడిగింది: "నాయనా, నువ్వు సదువుకున్నోడివి. ఆ కాగితంలో ఏం రాసుంటే మా పడవ పట్టినారు?"

సముద్రం చాలా పెద్దది. దాని వైపు చూసి నిలబడితే ఎవరికైనా ఆలోచిస్తున్నట్టే ఉంటుంది. ఇదివరకు నాకు ఎప్పుడూ పనిచేసే ఉపాయం అది. ఆమె కదల్లేదు.

"అక్కా, పీపా అని రాయాల్సిన చోట నేను పడవ అని అర్థమొచ్చే మాట రాసినాను."

"ఎందుకట్లా రాసినావు?"

"పీపాకు ఇంగ్లీషులో అక్షరాలు ఎన్నో నాకు రావు."

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత నవ్వింది. అంత నవ్వు ఈ ఒడ్డున నేను వచ్చినాక వినలేదు. మొగుణ్ణి పిలిచి చెప్పింది. మస్తానయ్య మొదట నవ్వలేదు. కుండ కింద పెట్టి, "నాకూ రావు అబ్బయా. నేను పీపా అనే అంటా, అందరికీ అర్థమవతాది" అన్నాడు. ఆ తర్వాత నవ్వినాడు.

ఆత్మపరిశీలన: తాగినానని ఒప్పుకోవడం నాకు అంత కష్టం కాదు. తాగుబోతు బి.ఏ.లు దేశంలో ఉన్నారు. స్పెల్లింగు రాని బి.ఏ. అనిపించుకోవడం కష్టం. వారం రోజులు ఒక మనిషి పడవను ఆ కష్టం కింద ఎండబెట్టినాను. నాయన చెప్పిన సిగ్గు వచ్చింది. చెప్పినట్టే దానంతటదే వచ్చింది.

10, ఆదివారం

ఫారం తీసి ఏడో గడి నింపినాను. గడి అగ్గిపెట్టె అంత ఉంది. వెనక రెండు పేజీలు పట్టింది. తెలుగులోనే రాసినాను, ఇంకెవరి పడవా పోకుండా.

వెన్న, తేగ, కొబ్బరి, లవంగం, గరుకు అన్నీ రాసినాను. రోజురోజుకూ రుచి ఎట్లా మారిందో రాసినాను: గాలి తగిలేకొద్దీ పులుపు వెనక్కి తగ్గింది, నాలుగో రోజుకు పనసతొన వాసన వచ్చింది, ఆఖరి చిప్పలో దోసె అంచు మాడిన కమ్మదనం ఉండింది. ఎప్పుడు ఎన్ని చిప్పలో రాసినాను. (తొమ్మిది. పది. పది అని రాసినాను.) సారాయి కాదని ఎట్లా తెలుసు అనే ప్రశ్న వస్తుంది కాబట్టి కాలేజీ హాస్టలు సంగతి కూడా రాయాల్సి వచ్చింది. నిజం మొదలుపెడితే మధ్యలో దిగడానికి స్టేషన్లు ఉండవు.

చివర, వెసల్ అని నేను రాసింది పీపానే అనీ, బ్యారెల్ స్పెల్లింగు నాకు రాక అట్లా రాసినాననీ, ఇన్‌స్పెక్టర్ గారి ఇంగ్లీషులో దోషం లేదనీ రాసి సంతకం పెట్టినాను. బి.ఏ. అని రాయలేదు.

11, సోమవారం

పద్మనాభయ్య గారు స్వయంగా పాళెం వచ్చినారు. కొట్టంలో పెట్టె మీద కూచొని రెండు పేజీలూ చదివినాడు. తిప్పి మళ్ళీ మొదటి నుంచి చదివినాడు. మస్తానయ్య, ఆదిశేషమ్మ, కృపాదానం గారు గుమ్మం దగ్గర నిలబడినారు. నాగుల్ మీరా సాయిబు బయట ఏదో చెక్క చెక్కుతూ ఉన్నాడు, అవసరం లేని చెక్క.

"ఈ వెన్న వాసన," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గారు సన్నగా, "తేగ కంటే ముందొచ్చిందా, తరవాతొచ్చిందా?"

"ముందు సార్."

"తమలపాకు వేసినాకా, వేయకముందా?"

"వేసిన క్షణం సార్."

ఆయన పీపా దగ్గరికి పోయి, తనిఖీ చేస్తున్నట్టు వంగి, బిరడా దగ్గర ముక్కు పెట్టి, ఒక తనిఖీకి పట్టే కాలం కన్నా ఎక్కువసేపు ఉన్నాడు. లేచినప్పుడు మొహంలో వాళ్ళ అమ్మ వెన్న కాస్తా ఉన్నట్టు ఉండింది. అప్పుడు గొంతు సవరించుకొని ఉత్తర్వులు చెప్పినాడు. ద్రాక్షారసమని రుజువైనది. పీపా గుడికి. పడవ మస్తానయ్యకు. టెంపరరీ గుమాస్తా జయరామయ్య సేవలు ఈ నెల పదిహేను నుంచి అక్కరలేదు. కేసు పెట్టాలంటే సాక్ష్యం కావాలి, సాక్ష్యం మొత్తం దేవుడి సొత్తు కాబట్టి కేసు లేదు.

"ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఏడో గడి నింపినోణ్ణి ఒక్కణ్ణి చూసినాను" అన్నాడు పోతూ పోతూ. "వాణ్ణే తీసేయాల్సొచ్చింది. బ్యారెల్‌కి ఆర్‌లు రెండు, ఎల్ ఒకటి."

పీపా కొలిస్తే తరుగు వచ్చింది. కృపాదానం గారు నా వైపు చూసినాడు. చెక్క కూడా తన వాటా తాను తాగుతుందని నాగుల్ మీరా సాయిబు నా తరఫున సాక్ష్యం చెప్పినాడు.

12, మంగళవారం

తెల్లవారుతూనే పడవ పోయింది. పది మందీ కలిసి నెట్టినారు, నేనూ ఒక చెయ్యి వేసినాను. రెండు చోట్ల నీళ్ళు చిమ్మింది. మస్తానయ్య లోపలి నుంచి "తాగతా ఉండాది, తాగనీ" అని కేకేసినాడు.

పీపా నాటుబండిలో కుదుపులకు ఇంకా కారేట్టుందని రసమంతా జాడీల్లోకి వంపుకొని పోయినాడు కృపాదానం గారు. ఖాళీ పీపా ఆదిశేషమ్మకు ఇచ్చేసినాడు.

17, ఆదివారం. కావలి

ఇంట్లో అంతా చెప్పినాను. నిజం చెప్పినందుకు నాయన సంతోషించినాడు. చెప్పిన నిజానికి మాట్లాడటం మానేసినాడు. రెండూ ఒకేసారి చేయగల మనిషి.

28, గురువారం

కృపాదానం గారి దగ్గర నుంచి కార్డు. క్రిస్మసు పూజకు జాడీ మూత తీసి చూసినప్పుడు, ఫాదరు గారు మామూలు కన్నా కొంచెం ఎక్కువసేపు కళ్ళు మూసుకున్నారట. నాయన ఇంకా మాట్లాడటం లేదు.

4 ఫిబ్రవరి 1962, ఆదివారం

మధ్యలో రాయలేదు. రాయడానికి చెప్పుకోదగ్గ పాపాలు చేయలేదు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే పని దొరికింది. మొదటి రోజే నల్లబల్ల మీద బ్యారెల్ అని రాసినాను, ఆర్‌లు రెండు, ఎల్ ఒకటి.

ఈ రోజు మస్తానయ్య ఇంటికి వచ్చినాడు. తాటాకు బుట్టలో ఎండు వంజరం ముక్కలు. ఈసారి చేప బాగా పడిందట, పడవకు కొత్త తారు పూసినారట. అమ్మ ఆ ముక్కలు వంకాయతో పులుసు పెట్టింది. నాయన గాంధీ గారి దగ్గర అన్నీ నేర్చుకున్నాడు గానీ చేప మానడం మటుకు రాలేదు, నెల్లూరు మనిషి కదా.

మొదటి ముద్ద తిని ఆగినాడు. రెండో ముద్ద తిన్నాడు. యాభై రోజుల తర్వాత నాతో మాట్లాడినాడు.

"ఏందిరా ఈ చేప? కాల్చిన తేగలాగా ఉండాది. ఆ వెనకాల లవంగం. మీ అమ్మ వేసిందా?"

అమ్మ వేయలేదన్నది. నేను గోడ మీద క్యాలెండరు చూసినాను. మస్తానయ్య విస్తరి ముందు కూచొని, దాపరికం ఎరగని మొహంతో అన్నాడు: "గుడోళ్ళు ఇచ్చిన పీపాలో ఉప్పేసిందయ్యా మా ఇంటిది. కడగమంటే కడగలా. మంచి వాసన, పోగొట్టుకోవడం దేనికని."

నాయనకు అర్థమయిందో లేదో తెలీదు. ఆయన విస్తరి వంక చాలాసేపు చూసినాడు. తర్వాత అమ్మ వైపు చెయ్యి చాపి, ఇంకో ముక్క వెయ్యమన్నాడు.

మా నాయన మూడు వందల మంది చేత మద్యం ముట్టమని ప్రమాణం చేయించినాడు. ఆయన తెలుగు నాకు ఇప్పుడే సరిగ్గా అర్థమయింది.